నాలుగో కుర్చీ

చర్చి వంటగదిలో ఆవిడ వేరుశెనగ గుళ్లు వేయిస్తోంది. పక్క గదిలో కమిటీ మీటింగు. అక్కణ్ణుంచి సెక్రటరీగారు, అంటే ఆవిడ మొగుడే, కేకేశాడు. "కారం తగ్గింది, తొందరగా రా" అని వినిపించింది. పొయ్యి ఆపి, కారం డబ్బా పట్టుకుని వెళ్లింది.

గదిలో ముగ్గురు మగవాళ్లు. పెద్ద కుర్చీలో పాస్టరుగారు, ఆవిడకు స్వయానా బావగారు. ఆయన పక్కన మొగుడు, ఎదురుగా రిటైరైన హెడ్మాస్టరు. డబ్బా చూసి ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మొగుడు నాలుగో కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. చర్చిని ధర్మసంస్థగా రిజిస్టరు చేసినప్పుడు కమిటీలో ఒక ఆడమనిషి ఉండి తీరాలన్నారు. తమ్ముడి పెళ్లాం ఉండగా బయటి ఆడదెందుకని బావగారు ఈవిణ్ణి వేశారు. పేరుకు సభ్యురాలు, పనికి పొయ్యిరాయి. వాళ్లు మాట్లాడుకుంటారు, ఈవిడ కాఫీ కాస్తుంది. చివర్లో మొగుడు తీర్మానాల పుస్తకం తెచ్చి వంటగట్టు మీద పరుస్తాడు, తడి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టాలి. ఒకసారి ఏం రాశారని అడిగితే, "నువ్వు చదివేలోగా పాలు పొంగుతాయి" అన్నాడు. తీర్మానంలో తీరు అన్నదమ్ములది, మానం పోయేది ఈవిడది.

ఇవాళ అయిదో సభ్యుడు, కాంట్రాక్టరు, ఊళ్లో లేడు. వంటగది సంతకం ఈసారి చాలదని హెడ్మాస్టరు పట్టుబట్టాడు. నలుగురు ఎదురెదురుగా కూర్చుంటేనే కోరం, లేకపోతే ఏ తీర్మానమూ చెల్లదని రూలు చదివాడు. ఓహో, పిలిచింది అందుకా అనుకుంది ఆవిడ.

బావగారు గొంతు సవరించుకుని తీర్మానం చెప్పారు. బతికున్నంతకాలం అధ్యక్షుడు ఆయనే. చర్చి వెనకగది ఇకమీదట ఆయన ఆఫీసు.

వెనకగదిలో ఆడవాళ్లున్నారు, మొగుళ్ల దెబ్బలకు తాళలేక వచ్చినవాళ్లు. వాళ్లకు పరుపులు పరిచేది, కమిలిన చోట మందు రాసేది ఈవిడే.

"వాళ్లెక్కడికి పోతారు బావగారూ?"

"ప్రార్థన చేద్దామమ్మా. ప్రభువే చూసుకుంటాడు."

"ఇన్నాళ్లూ ఆయన చూసుకున్నది ఆ గదిలోనే కదండీ."

మొగుడు పళ్లు బిగించాడు. "నిన్ను పిలిచింది మాట్లాడ్డానికి కాదు, కూర్చోడానికి."

వద్దని చెయ్యెత్తితే ఆ చెయ్యి ఒంటరిదే, ఓడిపోతుంది. ఇన్నేళ్లూ ఆ కుర్చీ తనకెప్పుడు దక్కుతుందా అని వంటగదిలో కుమిలింది. కుర్చీ బలమంతా అందులోంచి లేవడంలో ఉందని మొగుడి మాటతోనే తెలిసొచ్చింది. డబ్బా తీసుకుని లేచింది.

"ఇందాకట్నుంచీ అడుగుదామనుకుంటున్నా, ఆ కారం ఎందుకు తెచ్చావమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, ముగ్గురికీ వినపడేలా చెప్పింది. "ఈయన కోరం తగ్గిందని కేకేశారు మాస్టారూ, నేను కారమనుకున్నా. నేనొచ్చి కూర్చున్నాక సరిపోయింది. ఇప్పుడు మళ్లీ తగ్గింది, రాసుకోమనండి."