దేవప్ప ఇంకా దిగలే

పొద్దుగాల్నే రెండు జొన్నరొట్టెలు, ఇంత పుంటికూర మూటగట్టి బీరమ్మ కరణ్‌కోట బస్సెక్కుతది. పాత బండల గని కాడ దిగి, మూటను తాడుతోని మొగడు దేవప్పకు దించుతది. మేకపిల్ల ఎనక ఉరికి దేవప్ప ఆ గనిల పడి తొమ్మిదేండ్లాయె. ఇంకా కింద తాకలే. గాలిలనే ఏడాదికి మూరెడు దిగుతడు, అంతే. ఫ్యాక్టరీకి పొయ్యేటోళ్లు బండ్లు ఆపి, "ఏం దేవప్పా, తిన్నవా?" అని పలకరించి పోతుంటరు.

దేవప్పకు ఒక్కటే ఫికరు. "ఆఖరి మూర ఎట్లుంటదోనే? కింద అంత రాయేనాయె," అంటడు. ఆ మాట వినలేకనే బిడ్డ స్నేహలత, వికారాబాద్‌ల బట్టల దుకాణంల పనిజేసుకుంటనే, విమానంలకెళ్లి దుంకుడు నేర్వనీకె పోయింది. నేర్చుకున్నదాన్ని ఆదివారం ఆదివారం గని ఒడ్డున కూసొని నాయినకు చెప్పేది.

"కాళ్లు రెండు దగ్గరికి పెట్టాలె నాయినా. మోకాళ్లు జర వంచాలె. కిందికి చూడొద్దు, ముందటికి చూడాలె."

"గట్లనా బిడ్డా?" అని దేవప్ప గాలిలనే కాళ్లు దగ్గరికి తెచ్చుకునేటోడు. మస్తు సంబురం ఆయనకు.

మొదటిసారి ఒక్కతే దుంకేనాడు బీరమ్మ గూడ ఎంబడి పోయింది. నేర్పే విజయ్‌కుమార్ సారు పట్టీలన్ని రెండుసార్లు గుంజి చూసిండు. "నడుము కాడి పిడి గుంజితె ప్యారాచూట్ విచ్చుకుంటది. విచ్చుకోకుంటె ఎదమీది పిడి గుంజు. ఆగమాగం గావొద్దు," అన్నడు. ఆయన అటు తిరగంగనే బీరమ్మ కొంగుల నుంచి నల్ల ఉన్నిదారం తీసింది. పయనమైనోళ్లకు బీరప్ప దేవుని పేరుజెప్పి ఉన్నిదారం కట్టుడు ఆ ఇంటి రివాజు. బిడ్డను కాపాడేటియి ఆ రెండు పిడులే గదా అని, రెండింటినీ పట్టీలకు కలిపి తొమ్మిది పోగులతోని ముడేసింది. గొర్రెలోళ్ల ముడి, గుంజినకొద్ది బిగుస్తది.

స్నేహలత చూసి నవ్వింది గానీ ఇప్పలే. తల్లి కట్టినదాన్ని ఎట్ల ఇప్పుతది?

దుంకినంక నడుము కాడి పిడి గుంజింది. రాలే. ఎదమీదిది గుంజింది. అదీ రాలే. భూమి మీదికొస్తున్నది. "నాయినా!" అని ఒర్లింది.

అంతే, గాలిలనే నిలబడిపోయింది. ఒక రొట్టె కాలేటంత సేపు, ఆగమేం లేకుంట, ఎదమీది దారాన్ని పోగు పోగు పళ్లతోని కొరికింది. పిడి గుంజితె ప్యారాచూట్ విచ్చుకున్నది. కాళ్లు రెండు దగ్గరికి, మోకాళ్లు జర వంచి, ముందటికి చూస్కుంట దిగింది.

"పా అమ్మా, నాయినకు చెప్దాం, మంచిగ దిగిన్నని!" అన్నది. దాని పెదవుల నిండ ఉన్ని. ఆ ముడేసింది తనే గదా అని బీరమ్మ కొంగుల మిగిలిన దారం తీసి అవతల పారేసింది.

గప్పుడే ఫోను మోగింది. రోజూ గని పక్కపొంటి ఫ్యాక్టరీకి పొయ్యే మహేందర్.

"వదినా, అన్న దిగిండు. 'ఓ బిడ్డా' అని పలికిండు, అంతే, మిగిలిన ఇరవై మూరలు ఒక్కపారే."

"ఎట్లున్నడు?"

"కాళ్లు రెండు దగ్గరికే పెట్టిండు వదినా. మోకాళ్లు గూడ వంచిండు. బిడ్డ నేర్పినట్టే దిగిండు. అయినా రాయి గదా... పానం నిలువలే."

"ఎవరే అమ్మా? గని కాడినుంచేనా?" అని స్నేహలత అడుగుతున్నది.

బీరమ్మ బిడ్డ పెదవుల మీది నల్లపోగులు ఒక్కొక్కటే తీసింది.

"అవు బిడ్డా," అన్నది. "నాయిన నువ్వు నేర్పినట్టే దిగిండంట."