ముఖం మీది పొర

నేను ఒక టీవీని. ఉత్త టీవీ అంటే మా షోరూమ్ సేల్స్‌మన్ ఊరుకునేవాడు కాదు, హెచ్‌డీఆర్ టీవీ అనాలట. బొమ్మలో దీపం ధగధగా వెలుగుతున్నా, పక్కనున్న చీకటి మూలలో రంగులు కూడా చెడకుండా కనిపించాలి. అదీ నా విద్య.

తెనాలిలో గాజుల దుకాణం నడిపే ప్రభాకరంగారు నన్ను కొన్నారు. గోడకు బిగించారు గానీ, ఫ్యాక్టరీలో నా ముఖానికి అంటించిన ప్లాస్టిక్ పొరను తీయనివ్వలేదు. "కొత్త వస్తువయ్యా, గీతలు పడవూ!" అన్నారు. ఆ ఇంట్లో రిమోట్‌కు కవరు, సోఫాకు కవరు, ఫ్రిజ్ పిడికి గుడ్డ తొడుగు. వాడకుండానే వస్తువులను ముసలివాటిని చేసే ఈ మనుషుల గారాబం చూస్తే నాకు నవ్వొస్తుంది.

పైగా నాకు తగ్గ పని ఏదీ? వాళ్లు కట్టే చిన్న ఓటీటీ ప్లానులో హెచ్‌డీఆర్ రాదు. పెద్ద ప్లాను కట్టినా అన్ని సినిమాలూ అలా ఉండవు, ఏవో కొన్నే. విద్యంతా కడుపులో దాచుకుని సీరియళ్లు చూపిస్తూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి ఒకరోజు ప్రభాకరంగారు పెద్ద ప్లాను కట్టారు. కూతురు మృదుల ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, హైదరాబాదులో సినిమాలకు రంగులు సరిదిద్దే పనిలో చేరింది. అప్పటినుంచీ తండ్రి ఆమెతో ముభావంగానే ఉన్నారు. ఆమె సొంతంగా రంగులు దిద్దిన మొదటి వెబ్ సిరీస్ హెచ్‌డీఆర్‌లో వచ్చింది, అది చూడ్డానికే ఈ ప్లాను. నాన్న పక్కన కూర్చుని చూడాలని, ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని మృదుల తెనాలి వచ్చింది పాపం.

సాయంత్రం సిరీస్ పెట్టారు. తెర మీద వంటిల్లు, కిరసనాయిలు దీపం, పక్కన చీకట్లో ఒక అమ్మాయి. నా సంబరం ఏం చెప్పను! ఉన్న వెలుగంతా పోశాను. పొర సగం మింగేసింది.

"ఏందమ్మా, అంతా మసి పూసినట్టుంది? దీనికోసమేనా ఆ ఉద్యోగం వదులుకుంది?" అన్నారు ప్రభాకరంగారు.

మృదుల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు నోరుంటేనా, ఆయన్ని దులిపేసేదాన్ని.

తల్లి సుభద్రమ్మ దుమ్మేమో అనుకుని, లేచి వచ్చి కొంగుతో నన్ను తుడిచింది. పొర అంచు లేచింది. "ఏవండీ, ఇట్రండి! ఈ మూల ఒక్కటీ ఎట్టా మెరుస్తందో చూడండి."

ప్రభాకరంగారు దగ్గరికి వచ్చి ఆ మూల చూశారు, కూతురి ముఖం చూశారు. కాసేపు తటపటాయించి, తన చేత్తోనే పొర లాగేశారు. దీపం భగ్గుమంది. చీకట్లో అమ్మాయి చేతులు తేటపడ్డాయి.

"ఓర్నీ! నల్ల గాజులనుకున్నానే. ముదురు చిలకపచ్చ గదమ్మా!"

"చిన్నప్పుడు కరెంటు పోతే నన్ను దీపం ముందు కూర్చోబెట్టి గాజులు ఏరించేవాడివి గదా నాన్నా. చీకట్లో ఏ పచ్చ ఎట్టా ఉంటదో నువ్వు చెప్పిందే. అదే పెట్టా."

ప్రభాకరంగారు తెర దగ్గరికి వంగి ఆ గాజులు మరోసారి చూశారు. "మళ్లీ మొదట్నుంచి పెట్టు తల్లీ" అన్నారు. లేచి ట్యూబులైటు ఆపేశారు.

ఆ పొరను మడతపెట్టి బీరువాలో దాచారులెండి, పారేస్తే ఆయన ప్రభాకరంగారెందుకవుతారు? ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా, మా అమ్మాయి పని చూద్దురుగాని రండంటూ ఇంటికి, నా ముందుకు తీసుకొస్తున్నారు.