ఫోను ముందు పెట్టిన కాఫీ

కోపం వస్తే నేను ముందూ వెనకా చూసుకోను. కరక్‌ ఊళ్లో నన్నెరిగిన వాళ్లెవరినడిగినా ఈ మాటే చెబుతారు. బడులు మూసేసి పాఠాలు ఫోన్లలో చెప్పమన్న ఆ ఏడు, పన్నెండో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబుతూ నేను చేసిన పని మాత్రం ఇప్పుడు తలుచుకున్నా నవ్వాగదు.

ఆ పొద్దున ఘైదా తెర మీదికి ఏడ్చిన కళ్లతో వచ్చింది. లెక్కల్లో క్లాసు మొత్తానికి ఆ పిల్లే మేటి. ఇంట్లో ఉన్నది వాళ్ల నాన్న అబూ సత్తామ్ ఫోను ఒక్కటే. గొర్రెల బేరాలకు కావాలి, రేపటినుంచి ఇవ్వనన్నాడట. ఆఖరి పరీక్ష దగ్గరపడింది. అది తప్పితే ఇక చదువు ఆగిపోయినట్టే. నాకు ఒళ్లు మండింది, నాన్నను పిలవమన్నాను.

ఆయన ఫోనును దిండుకు ఆనించి ఎదురుగా కూర్చున్నాడు. పలకరింపులయ్యాయి. నాకేం బుద్ధి పుట్టిందో, చేతిలోని కాఫీ కప్పును ఠక్కున బల్ల మీద పెట్టేశాను. మా దగ్గర పిల్లనడగడానికి వెళ్లిన పెద్దమనుషులు చేసే పని ఇది. అడిగింది ఇస్తాననేదాకా ఆ కాఫీ ముట్టరు. అతిథి తాగకుండా లేచిపోయాడా, ఆ ఇంటి పరువు పోయినట్టే.

"ఘైదాకు ఫోను ఇస్తానంటేనే తాగుతాను, అబూ సత్తామ్," అన్నాను.

అది చూసి క్లాసులో పిల్లలంతా టీ గ్లాసో పాల గ్లాసో, ఏది దొరికితే అది కింద పెట్టేశారు. ఒకమ్మాయి ఏమీ దొరక్క పళ్లు తోముకునే బ్రష్షున్న గ్లాసు పెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను.

ఆయన మాత్రం చలించలేదు. "అది మీ ఇంట్లో మీరు పోసుకున్న కాఫీ కదా టీచరమ్మా. తాగితే మీ ఇష్టం, మానితే మీ ఇష్టం. నాకేంటి?"

నిజమే, కాఫీ ఇంటాయన పోయాలి! అంత ధీమాగా వెళ్లి పప్పులో కాలేశాను. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఘైదా ఫోను ఆపెయ్యడానికి చెయ్యి చాపింది.

అంతలో ఆయన తల్లి, హజ్ యాత్ర చేసొచ్చిన హజ్జా నౌఫా, గోడ పట్టుకుంటూ వచ్చి, చిన్న కప్పులో కాఫీ పోసి సరిగ్గా ఫోను ముందు పెట్టింది. "ఇంటికి మనిషొచ్చి ఇంతసేపైంది, కాఫీ పొయ్యాలని తెలీదట్రా నీకు?"

ఇక నేను ఊరుకుంటానా? మాట ఇస్తేనే ఆ కాఫీ ముడతానన్నాను.

"ఫోనులోంచి ఎట్లా ముడతారు?" అన్నాడాయన. మీసాల కింద నవ్వు దాచుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

"అది మేం చూసుకుంటాం. నువ్వు జవాబు చెప్పు," అంది ముసలావిడ.

ఆయన తల్లిని చూశాడు, కూతుర్ని చూశాడు. కాఫీ చల్లారిపోతోంది.

"తాగండి టీచరమ్మా. పరీక్షయ్యేదాకా ఫోను దానిదే."

పిల్లలు ఒకటే గోల. హజ్జా కప్పు తీసి, టీచరు బదులు తాగమని ఘైదా చేతికిచ్చింది. ఎన్నడూ చేదు కాఫీ ఎరగని పిల్ల ఒక్క గుక్కలో మింగి, మొహం వికారంగా పెట్టి, కళ్లు తుడుచుకుంది.

"మిస్, నిన్నటి లెక్క సగంలో ఉంది, చెప్పండి."

చెబుదామని పుస్తకం తెరిచాను. సంతోషంతో కళ్లు నిండిపోయి ఒక్క అంకె కూడా కనబడలేదు.