పని మానని పాదం

శాన్ హసింతోలో కాఫీ మిల్లు సైరన్ ఆరింటికి మోగుతుంది. దానికి పావుగంట ముందు ఊళ్లో ఆడవాళ్లంతా మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ మిల్లు దారి పడతారు. అందరికంటే ముందు ఒబ్దులియా ఎడమ పాదం వెళ్తుంది. సమాధుల దొడ్డిలోంచి బయల్దేరి, చర్చి గోడ వారగా, ఏటవాలు రోడ్డు ఎక్కుతుంది. కనిపించేది అచ్చులే. రోడ్డు మీది దుమ్ములో ఒక్క ఎడమ పాదం, మధ్యలో రెండో పాదానికి చోటు వదిలిపెట్టి మరీ పడుతుంది. వెనక వచ్చేవాళ్లు ఆ అచ్చులు తొక్కకుండా తప్పుకుంటారు.

"అమ్మో, పాదం అప్పుడే వెళ్లిపోయిందే! నడవండి, నడవండి" అని ఒకళ్లనొకళ్లు తరుముకుంటారు.

ఒబ్దులియా ఆ వేళకి తన గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడు గింజలు ఏరుకుంటూ ఉంటుంది. ఊతకర్రలు గోడకి ఆనించి ఉంటాయి. అచ్చులు ఆమె ఇంటి ముందు నుంచే పోతాయి. ఆగవు, తిరగవు.

"నలభై మూడేళ్లు నా తిండి తిని బతికింది. ఒక్కరోజైనా ఇటు తిరిగిందా? విశ్వాసం లేనిది" అంటుంది.

తిట్టినట్టే అంటుంది కానీ, అచ్చులు మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా చూపు తిప్పుకోదు. పాపం, కాలు పోయినందుకు ఎంత ఏడ్చిందో, పోయిన కాలు పలకరించనందుకూ అంతే ఏడ్చింది.

ఆమె చేసిన పని చిన్నదే. మిల్లు కళ్లంలో ఆరిన కాఫీ గింజల్ని చెక్క పారతో నెట్టి, మూలనున్న గుంటలో పోయాలి. గుంట కింద ఇనుప మర తిరుగుతూ గింజల్ని లోపలి షెడ్డుకి మోసుకుపోతుంది. గుంటకి ఒకప్పుడు ఇనుప మూత ఉండేది. వంగిపోయిందని తీసుకెళ్లి, వారంలో తెస్తామన్నారు. ఆ వారం రెండు కోతల కాలాలు సాగింది. ఒబ్దులియా మూడుసార్లు అడిగింది. మూడోసారి, ఎవరిస్తో అనే మేనేజరు "నువ్వు గింజలు చూసుకో, మూత సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ నెలలోనే గింజల మీద కాలు జారింది. మర ఆపే మీట షెడ్డు అవతల ఉంది. ఎవరో పరిగెత్తి ఆపేసరికి మోకాలి కింద నుంచి పోయింది.

మా ఊళ్లో మనిషిలో ఏ ముక్క పోయినా మట్టిలో పెట్టి సాగనంపుతాం. ఆస్పత్రివాళ్లు గుడ్డలో చుట్టి ఇచ్చిన కాలిని చిన్నపిల్లల శవపెట్టెలో పెట్టి పూడ్చారు. చనిపోయినవాళ్లకి తొమ్మిది రోజులు ప్రార్థన చేయాలి. తొమ్మిదో రోజు పూల సిలువ ఎత్తి, "నీ పని అయిపోయింది, ఇక వెళ్లి విశ్రాంతి తీసుకో" అని చెప్పాలి. అలా చెప్తేనే పోయినవాళ్లకి పోయామని తెలుస్తుంది. కానీ అవి కోతల రోజులు. ఊళ్లో ప్రార్థనలు నడిపించే త్రాన్సితో పెద్దమ్మ కూడా కాఫీ పళ్లు కొయ్యడానికి పోవాలి.

"కాలేం పాపం చేసిందే? అబద్ధమాడిందా, పక్కింటాయన మీద కన్నేసిందా? మనిషికి తొమ్మిది రోజులైతే కాలికి మూడు చాలు" అని పెద్దమ్మ తీర్పు చెప్పి, నాలుగో రోజు బుట్ట కట్టుకుని కొండెక్కేసింది.

ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. దాంతో పాదానికి ఎవరూ ఏమీ చెప్పినట్టు కాలేదు. సోమవారం సైరన్ వేళకి అది లేచి పనికి వెళ్లింది. అప్పటి నుంచి ఒక్క రోజు మానలేదు.

జిల్లా కేంద్రం నుంచి ఓందినా అనే లాయరమ్మ వచ్చి కేసు వేసింది. రబ్బరు బూట్లతో మోటారు సైకిలు తోలుకొస్తుంది, దగ్గర చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టు కాఫీ అడిగి తాగుతుంది. ఏడాది తిరిగాక ఒకరోజు కాఫీ అడగకుండా కూర్చుంది.

"మిల్లువాళ్లు ఒకే మాట మీద ఉన్నారక్కా. నువ్వసలు అక్కడ పనే చెయ్యలేదట. గేటు దగ్గర అరటికాయ వేపుళ్లు అమ్ముకునేదానివట. రోజుకూలీల పేర్లు రాసుకున్నవాడేమో ఊరొదిలి పోయాడు."

ఒబ్దులియాకి నవ్వాగలేదు. "నేను వేపుళ్లు అమ్మడమా! నా వంట తిన్నవాడెవడూ ఆ మాట నమ్మడు లాయరమ్మా."

"నవ్వకక్కా. కళ్లంలో గుంటే లేదంటున్నారు. నీతో పనిచేసినవాళ్లు నోరు మెదపరు, వాళ్ల పొట్టలు అక్కడే ఉన్నాయి. గురువారం జడ్జి స్వయంగా వచ్చి చూస్తాడు. గుంట కనిపిస్తే నీ పరిహారం, నీ పెట్టుడు కాలు, అన్నీ వస్తాయి. కనిపించకపోతే కేసు అక్కడితో సరి."

ఒబ్దులియా నవ్వు ఆపేసింది. "డబ్బు రాకపోతే రాకపోయింది. ఇరవై రెండేళ్లు అక్కడ నిలబడ్డానమ్మా. నేను లేనే లేనంటే ఎలా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోనీ పాదం ఉందిగా?" అంది.

"ఉంది. కానీ దుమ్ములో అచ్చులు పదింటికల్లా గాలికి పోతాయి. మిల్లు లోపల పడ్డవి ఎప్పటికప్పుడు ఊడ్చేస్తారు. ఈ జడ్జి పది కొట్టందే ఇంట్లోంచి కదలడు."

ఇక మిల్లులో జరిగింది చెప్పాలి. గుంట పూడ్చెయ్యాలని ఎవరిస్తో నెల ముందే అనుకున్నాడు. కానీ కోతలు ముమ్మరంగా ఉన్నాయి, మర ఆపితే బస్తాలు ఆగిపోతాయి. రేపు, ఎల్లుండి అంటూ బుధవారం దాకా లాగాడు. గురువారం కోడి కూసే వేళకి చోన్ మేస్త్రీకి కబురు పంపాడు. చోన్ మాకున్న ఒక్కగానొక్క తాపీమేస్త్రీ. ఒబ్దులియా కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. అందుకే కబురు విని గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాడు. కానీ ఏడాదిలో సగం రోజులు అతనికి పని ఇచ్చేది మిల్లే. తల వంచుకుని వెళ్లాడు.

గుంట మీద రేకు పరిచి, ఆ మూలంతా సిమెంటు పోసి, అద్దంలా నున్నగా తాపీతో లాగాడు. ఇంకా ఆరు కాలేదు.

అప్పుడు పాదం వచ్చింది.

గేటు సందులోంచి వచ్చి, కళ్లంలో పరిచిన గింజల మీదుగా నడిచి, తడి సిమెంటు మీదికి ఎక్కింది. చోన్ మోకాళ్ల మీద కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. మడమ, అరికాలు, అయిదు వేళ్లు, ఆ చివర లోపలికి మడత పడ్డ చిటికెన వేలు. ఆ వేలు అతనికి తెలుసు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఏట్లో ఆడుకున్నారు, రాయి పడి అది విరిగిన రోజున ఆమెని వీపు మీద మోసుకొచ్చింది అతనే. పాదం గుంట ఉన్న చోటికి వెళ్లి ఆగింది. ఆగి, పని మొదలుపెట్టింది. ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి, గింజలు నెట్టేటప్పుడు ఒబ్దులియా ఎలా వేసేదో అలాగే, గుంట అంచు వెంబడి. ఒక్క అచ్చు కూడా అంచు దాటలేదు. కాసేపటికి సిమెంటు మీద అచ్చుల వరసతో గుంట గుండ్రంగా తేలింది.

ఎవరిస్తో కాఫీ కప్పు పట్టుకుని వచ్చి చూశాడు.

"ఏంటిది మేస్త్రీ? రుద్దెయ్, రుద్దెయ్. ఆ పాదానికి వేళాపాళా లేదు!"

చోన్ తాపీ కొసతో సిమెంటుని ముట్టుకున్నాడు. వెన్నలా ఉంది. రెండు చేతులూ ఆడిస్తే చాలు, ఏమీ లేనట్టు అయిపోతుంది. అతను తాపీని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టేశాడు.

"పట్టేసింది దొరా. ఇక కదలదు."

"అప్పుడేనా?"

"మీరిచ్చిన సిమెంటు మంచిది దొరా."

ఎవరిస్తో వంగి చేత్తో ముట్టుకునే మనిషి కాడు. ప్యాంటు ఇస్త్రీ చెడుతుంది. "సరే, దాని మీద గింజలు పరిపించు" అని చెప్పి వెళ్లిపోయాడు. చోన్ సిమెంటు గట్టిపడే దాకా ఏదో వంకతో ఎవర్నీ ఆ మూలకి రానివ్వలేదు. ఎనిమిదింటికి తనే స్వయంగా గింజలు పరిచాడు, పసిపిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా.

జడ్జి లియోకాదియో పదింటికి వచ్చాడు. లావుపాటి మనిషి, నాలుగడుగులకి ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకుంటాడు. ఒబ్దులియా ఊతకర్రల మీద వెనకే నడిచింది. భుజాన గుడ్డసంచిలో, ఆదివారాలు చర్చికి వేసుకునే పాత బూటు, ఎడమది, ఇన్నాళ్లూ పారెయ్యలేక దాచుకున్నది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

"ఎక్కడమ్మా గుంట?"

ఒబ్దులియా మూలకేసి చూసింది. మూల నిండా అప్పుడే చదును చేసిన గింజలు. ఆమె మొహం పాలిపోయింది. "ఇక్కడే ఉండేది బాబూ" అంది, ఊతకర్రతో చూపించి.

"చూశారుగా, గుంటా లేదు, గింటా లేదు" అన్నాడు ఎవరిస్తో.

అంతలో గింజల మీద ఒక అచ్చు పడింది. దాని పక్కన ఇంకోటి. జడ్జి వంగి చూశాడు.

"ఇది ఎవరిది?"

ఎవరిస్తోకి ఏడాదిగా లోపల ఉడుకుతున్న కోపం పొంగింది. "ఈవిడ గారిదే సార్! అనుమతి లేకుండా రోజూ మా ఆవరణలోకి చొరబడుతోంది. దీని మీద కూడా నేనే ఫిర్యాదు రాయాలి!"

"రోజూనా?"

"రోజూ సార్. సైరన్‌కి ముందే దిగుతుంది. మధ్యాహ్నం తిండి వేళకి ఆగుతుంది, మళ్లీ మొదలు. ఒక్క పూట మానదు!"

జడ్జి గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో. సైరన్‌కి ముందే వస్తుంది, తిండి వేళ తెలుసు, ఒక్క పూట మానదు." తర్వాత ఎవరిస్తోని చూసి మెల్లగా అడిగాడు. "అరటికాయ వేపుళ్లు అమ్ముకునే పాదానికి ఈ పని ఎవరు నేర్పారండీ?"

అప్పుడు, చుట్టూ మూగిన కూలీల గుంపులోంచి చోన్ ముందుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే చీపురు తీసుకుని ఆ మూల గింజలు ఊడ్చాడు. కింద గట్టిపడ్డ సిమెంటు, దాని మీద అచ్చులు, అచ్చుల మధ్య గుండ్రంగా పాదం పెట్టని చోటు.

"కింద రేకు ఉంది బాబూ. పొద్దున్న నేనే పరిచాను" అన్నాడు. ఒబ్దులియా మొహం చూడలేక తల దించుకునే చెప్పాడు.

ఒబ్దులియా ఊతకర్రల మీద వంగి, పాత బూటుని ఒక అచ్చు పక్కన పెట్టింది. చిటికెన వేలి దగ్గర బూటు తోలు ఉబ్బిన చోటు, అచ్చులో వేలు మడత పడ్డ చోటు, రెండూ ఒకటే. గుమాస్తా అడక్కుండానే రాసుకున్నాడు.

"అన్నయ్యా" అంది ఒబ్దులియా చోన్‌తో, "సిమెంటు పని బాగా కుదిరింది." చోన్ అందరి ముందూ ఏడ్చేశాడు. ఆ తర్వాత మిల్లు అతన్ని మళ్లీ పిలవలేదు. చాలాకాలం పక్క ఊళ్లకి పోయి పనిచేసుకున్నాడు.

తీర్పు వానాకాలంలో వచ్చింది. ఇరవై రెండేళ్లు పనిచేసిందని అందులో మొదటి వాక్యంగా రాశారు. ఓందినా ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. పరిహారంతో రాజధానిలో పెట్టుడు కాలు చేయించారు. గులాబీ రంగులో, ఏ చలిదేశం మనిషి కోసమో చేసినట్టుంది. అది ఒబ్దులియా మాట వినలేదు. ఎడమకి అంటే కుడికి, కుడికి అంటే వెనక్కి పోయేది. నాలుగుసార్లు పడ్డాక దాన్ని తలుపు వెనక నిలబెట్టేసింది. మళ్లీ గుమ్మంలో కూర్చుని, అచ్చులు పనికి వెళ్లడం చూడసాగింది.

ఒకరోజు త్రాన్సితో పెద్దమ్మ కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది.

"ఆరు రోజులు బాకీ ఉన్నానే నీ కాలికి. దానికి తిండీ నిద్రా లేకుండా చేసింది నేనే. ఇకనైనా సాగనంపుదాం."

ఆరు రోజులు ఊరంతా వచ్చి ప్రార్థన చేసింది. చివరి సాయంత్రం నేల మీద పూల సిలువ పరిచారు. కాఫీలు, జున్ను రొట్టెలు పంచారు. పెద్దమ్మ సిలువ ఎత్తి ఒబ్దులియా వైపు తిరిగింది.

"అనవే. నీ పని అయిపోయింది, ఇక వెళ్లు, అను."

ఒబ్దులియా రోడ్డు వైపు తిరిగింది.

"నీ పని అయిపోయింది" అంది. "ఇక ఇంటికి రా."

"అయ్యో, అలా అనకూడదే! పద్ధతి కాదు!"

"తొమ్మిదిని మూడు చేసింది ఏ పద్ధతి పెద్దమ్మా?"

జనం గొల్లుమన్నారు. పెద్దమ్మ కూడా నవ్వి, సిలువ ఎత్తుకుపోయింది.

మర్నాడు మిల్లుకి బయల్దేరిన ఆడవాళ్లు రోడ్డు మీద ఆగిపోయారు. మిల్లు వైపు దుమ్ములో ఒక్క అచ్చు లేదు. సమాధుల దొడ్డి నుంచి వచ్చిన అచ్చులు ఒబ్దులియా ఇంటి దగ్గర తిరిగి, గడప దాటి, తలుపు వెనక్కి పోయి ఆగాయి. లోపల ఒబ్దులియా పెట్టుడు కాలు పట్టీలు బిగించుకుంటోంది. లేచి, ఊతకర్రలు లేకుండా, గుమ్మం దాకా నడిచింది. ఒక్కసారి కూడా తూలలేదు. "ఏంటర్రా అలా చూస్తారు, సైరన్ మోగుతోంది, పొండి" అంది వాళ్లతో, కళ్లనీళ్లు కారిపోతుంటే.

ఆ కాలికి విడిగా వేళ్లు లేవు. అచ్చుపోసిన ప్లాస్టిక్ ముద్ద. అయినా నెల తిరిగేసరికి ఆమె కొత్త బూటు, ఎడమది, చిటికెన వేలి దగ్గర ఉబ్బింది.

ఇప్పటికీ ఆరుకి పావుగంట ముందు గోడకి ఆనించిన ఆ కాలు కొద్దిగా కదులుతుంది. ఒబ్దులియా మంచం మీంచి చెయ్యి చాపి, దాన్ని తట్టి చెప్తుంది.

"పడుకోవే. ఇవాళ పని లేదు."