పిడికెడు బియ్యం

పదింటికే నేల కాలుతోంది. నందికొట్కూరుకు అవతల గుట్ట కింద పదిమంది ఉపాధి కూలీలు నీటిగుంత తవ్వుతున్నారు. తొమ్మిదిమంది వంతు మోకాలి లోతు దిగింది. అరవై మూడేళ్ల రాహేలమ్మ వంతు జానెడు కూడా దిగలేదు.

అడిగినవాళ్లకు పని ఇచ్చి తీరాలని చట్టం. కూలి మాత్రం కొలతను బట్టి. జట్టు తవ్విందంతా కలిపి కొలిచి, పదిమందికీ సమానంగా పంచుతారు. ఒక్కరికి చేతకాకపోతే అందరి కూలీ పడిపోతుంది. పోయిన వారం రోజుకు మూడొందలు రావాల్సింది రెండొందల పదే వచ్చింది. ఇది పైవాళ్లకు తెలియదా? తెలుసు. పేదవాణ్ణి పేదవాడి చేతే గెంటిస్తే వాళ్ల చేతికి మట్టి అంటదు.

జట్టు హాజరు, కొలతలు చూసే మేటు నిస్సీ కాగితం తెచ్చింది. రాహేలమ్మ చంకనెత్తుకు పెంచిన పొరుగింటి పిల్ల.

"అవ్వా, ఈడ ఏలిముద్ర ఎయ్యి. నీ అంతట నువ్వే పని మానుకుంటాండావని ఆఫీసులో రాసినారు."

"నేను యాడ మానుకుంటినే?"

పక్క వంతు తవ్వుతున్న సుంకన్న గడ్డపార ఆపాడు. "నిన్ను అనేదానికి నోరు రాదక్కా. నా పిల్లోళ్ల కడుపు గూడా సూడల్ల గదా."

అతను అబద్ధమాడలేదు. అదే ఘోరం.

"నువ్వేం పస్తుండొద్దులే అవ్వా," నిస్సీ గొంతు తగ్గించింది. "చర్చిలో వచ్చే పిడికెడు బియ్యం ఇంక నీకే ఇస్తామన్నాడు పాస్టరయ్య."

నలభై ఏళ్లుగా రాహేలమ్మ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వేస్తోంది. ఆదివారం చర్చికి మోసుకెళ్తోంది, ఎవరో దిక్కులేనివాళ్ల కోసం. ఆ దిక్కులేని మనిషి తనేనని ఇవాళ తెలిసింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది.

"నేను బియ్యం అడగలేదు. పని అడిగినా," అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఫోటో వేళయింది. ఫోనులో ఎక్కిన ఫోటోయే హాజరు. అందులో లేనివాళ్లు ఎంత తవ్వినా కూలి లేదు. ఇవాళ తొమ్మిదిమందికే తీయమని నిస్సీకి ఆఫీసు నుంచి చెప్పారు. తొమ్మిదిమందీ గట్టు మీద వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక రాహేలమ్మ తవ్వుతూనే ఉంది. నిస్సీ ఫోను అటు జరిపింది, ఇటు జరిపింది. ఎటు జరిపినా ముసలామె పడుతోంది.

"పక్కకు పో అవ్వా. ఫోటోలో పడ్తాండావు."

"నేను పోను," అంది రాహేలమ్మ.

గడ్డపార రాతికి తగిలి వెనక్కి ఎగిరింది. ఆమె మళ్లీ ఎత్తింది.