రెండు వేళ్ళ మందం

కర్రాయన పదమూడో బోల్టు మీద అంకెల కర్ర నిలబెట్టి, దానికున్న గాజు బుడగ మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. యాభై అడుగుల అవతల, గొడుగు నీడలో లెవెల్ మిషన్‌కు కన్ను ఆనించిన సర్వేయరమ్మ చెయ్యి ఎత్తింది. అంటే అంకె దొరికిందన్నమాట. అప్పుడు గాని ఆయన ఊపిరి వదల్లేదు.

ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. నేల అడుగు నుంచి చమురూ గ్యాసూ తోడేస్తుంటే పైన ఊరు ఏడాదికి కాస్తంత కుంగుతుంది. ఎంత కుంగిందో తెలియడానికి కంపెనీ వీధికో ఇత్తడి బోల్టు పాతింది. మొదటి బోల్టు ఆఫీసు గేటు దగ్గర, బావులకు దూరంగా గట్టి నేల మీద ఉంది. ఏటా అక్కడ మొదలుపెట్టి, ఒక్కొక్క బోల్టూ దానికన్నా ఎంత ఎత్తులో ఉందో కొలుచుకుంటూ ఊరంతా చుట్టి మళ్ళీ అక్కడికే చేరాలి. మొదటి బోల్టు కదలదన్న నమ్మకం మీదే లెక్కంతా నడుస్తుంది.

కర్ర మోసీ మోసీ ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి జారింది. కూతురి పెళ్ళిలో ఫొటోలు తీసేవాడు "కాస్త నిటారుగా నిలబడండి సార్" అని మూడుసార్లు విసుక్కున్నాడు. నిటారుగా నిలబెట్టడమే వృత్తిగా బతికిన మనిషికి ఆ మాట పడిందని భార్య ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

రేపటి నుంచి ఉపగ్రహం పైనుంచి కొలుస్తుంది. ఇవాళ్టి లెక్క దానికి అప్పగించేస్తారు. కర్రాయనకూ ఇవాళే ఆఖరి రోజు. నాలుగింటికి మీటింగ్ హాల్లో ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారట.

పద్నాలుగో బోల్టు ఆయన అక్క ఇంటి ఎదుట, పంపుగది మెట్టులో ఉంది. అక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ ఇంటి వీధి తలుపు మూసుకోక ఇప్పటికి మూడుసార్లు చిత్రిక పట్టించారు. వానొస్తే వంటింట్లో చీలమండ లోతు నీళ్ళు.

"ఏరా, ఈసారన్నా మా వీధి దిగిందంటారా?"

సర్వేయరమ్మ పుస్తకం చూసి తనే చెప్పింది. "మొదట్నుంచీ కలిపి పది సెంటీమీటర్లండీ. పన్నెండు దాటితే కంపెనీ తోడటం తగ్గించి, ఇళ్ళు బాగుచేయించాలి. ఇంకా దాటలేదు."

"అయితే తప్పు నేలది కాదన్నమాట. మా మరిదిదే. ఎంత మేస్త్రీ అయితే ఏం, సొంత అన్న ఇంటికే నాసిరకం పునాది వేశాడు. వాడి మొహం చూసి ఆరేళ్ళయింది. మొన్న ఆస్పత్రిలో చేర్చారంటే కూడా వెళ్ళలేదు నేను."

పంతంగానే అంది గాని, ఆఖరి మాట దగ్గర అక్క ఆస్పత్రి ఉన్న వైపు చూసింది. కర్రాయనకు నీళ్ళు పొలమారాయి.

ఆ పునాదిలో లోపం లేదని ఆయనకొక్కడికే తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట సామాను లారీ గేటులోంచి వెనక్కి వస్తుంటే "రానీ... రానీ... ఇంకా రానీ" అని చెయ్యి ఊపింది ఆయనే. లారీ వచ్చింది, మొదటి బోల్టున్న దిమ్మెను గుద్దేసింది. ఆయన ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం ఆ వారమే ఆఫీసరు బల్ల మీద ఉంది. నోరు మెదపకుండా ఆదివారం సిమెంటు కలిపి, బోల్టు ఎత్తుకు గుర్తుగా గేటు స్తంభం మీద ఎప్పుడో వేసిన ఎర్ర గీతకు దారం కట్టి, పాత ఎత్తుకే బోల్టు నిలబెట్టాడు. మర్నాడు చూస్తే సిమెంటు గట్టిపడింది గాని, బోల్టు దారానికి రెండు వేళ్ళ మందం దిగిపోయింది. కొలిస్తే మూడు సెంటీమీటర్లు.

మొదటిది దిగడంతో ఆ ఏడాది ఊళ్ళో మిగతా బోల్టులన్నీ పైకి లేచినట్టు కనబడ్డాయి. చమురు తీసిన చోటికి నీళ్ళు ఎక్కించడం అప్పుడే మొదలైంది కాబట్టి, నీళ్ళు పనిచేసి నేల లేచిందని ఇంజనీర్లు మురిసిపోయారు. అందరికీ మిఠాయి పంచారు. కర్రాయనా ఒకటి తిన్నాడు.

మిగిలిన బోల్టులు ముగించుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి మూడున్నర.

"అయిపోయింది బాబాయ్. ఇక కర్ర దించండి."

ఆయన దించలేదు. "ఈ బోల్టు అబద్ధం చెబుతోంది తల్లీ" అన్నాడు. మళ్ళీ తనే, "దాన్ని అనడం దేనికి, అబద్ధం నాది" అని, లారీ సంగతి మొదలు మిఠాయి దాకా అంతా చెప్పేశాడు. చెబుతూనే మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మె మీది పాకుడు గోటితో గీకాడు. బోల్టు పక్కన ఒక గుంట బయటపడింది. "కంపెనీ మేస్త్రీ చేస్తే నున్నగా ఉండేది. ఇది నేను ఒత్తిన చోటు." బొటనవేలు పెట్టి చూపించాడు. సరిగ్గా పట్టింది.

సర్వేయరమ్మ మొహం ఎర్రబడింది. "ఎనిమిదేళ్ళా బాబాయ్!" సంచిలోంచి పాత పుస్తకం తీసి తిరగేసింది. "మొదటి ఏడాది గుట్ట మీది కదలని రాతికి కూడా కొలిచారు. అక్కడి దాకా కొలిస్తే నిజం తేలుతుంది. కాని నాలుగింటికి మీకు..."

"వాళ్ళు చెప్పే మంచి మాటలు వినే మొహం నాకేదీ? పదమ్మా, వెలుతురుండగానే తేల్చేద్దాం."

గుట్ట దాకా పద్దెనిమిది చోట్ల కర్ర నిలబెట్టాడు. ఒక్కచోటా బుడగను వణకనివ్వలేదు. మూడు సెంటీమీటర్ల ఒక మిల్లీమీటరు తేడా తేలింది. పద్నాలుగో బోల్టు ఎదుట సర్వేయరమ్మ పది కొట్టేసి పదమూడు రాసింది. కింద ఆయన సంతకం పెట్టాడు.

ఆఫీసరు కాగితాలు చదివి తల ఎత్తలేదు. "చివరి రోజున చెప్పాలనిపించిందా? వెళ్ళండి. ఏం చేసేదీ ఇంటికి రాస్తాం."

హాల్లో కుర్చీలు సర్దేశారు. కర్రాయనకు సిగ్గుగా ఉంది, కాస్త తేలిగ్గానూ ఉంది. కర్ర గదిలో పెట్టి బయటికొచ్చి, ఇంటి దారి వదిలి అక్క ఇంటి దారి పట్టాడు. ఆవిడకు చెప్పాలి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆవిడ మరిదిని చూడటానికి ఆస్పత్రికి వెళ్ళాలి. వీధి మలుపు తిరిగాక ఆయన కనబడలేదు.

గేటు పక్కన దిమ్మె మీద, పాకుడు గీకిన చోట, వేలి గీతలతో సహా ఆ బొటనవేలి గుంట ఉండిపోయింది.