ఒకటి నీకు, ఒకటి పాపకి

శశిభూషణ్ బజారు నుంచి వచ్చి సంచీ డైనింగ్ టేబుల్ మీద బోర్లించాడు. నల్ల నువ్వులు, దర్భలు, విస్తరాకుల కట్ట, పెసరపప్పు, మిరియాలు, ఓ కంద ముక్క. వాటి మధ్య నుంచి రెండు ట్యాబ్లెట్ షీట్లు జారిపడ్డాయి. బియ్యం ఏరుతున్న ఫణిశ్రీ వాటిని చూసి, నమ్మలేక మళ్లీ చూసింది. ఏటా వచ్చేది ఒక్క షీటే.

“రెండెందుకండీ?” అంది.

“ఒకటి నీకు, ఒకటి పాపకి. దానికీ అదే వారం కదా. ఎల్లుండి పొద్దున్నుంచి వేసుకుంటే తద్దినం దాటేస్తుంది.”

పెసరపప్పు ధర చెప్పినంత తేలిగ్గా చెప్పి, టీవీ ముందు కూర్చున్నాడు. పాపంటే మైత్రేయి, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదో తరగతి చదువుతోంది. పెద్దమనిషై ఇంకా ఏడాది నిండలేదు.

నిజానికి మావగారి తద్దినం పోయిన నెలే అయిపోయింది. కానీ ఈ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. అధిక మాసంలో ఒకసారి, నిజ మాసంలో ఒకసారి, రెండుసార్లూ పెట్టి తీరాలని పురోహితులు మార్కండేయులుగారు తేల్చేశారు. పెట్టేది కొడుకు, వండేది కోడలు. ఇంగువ తగలకుండా, మిరపకాయకి బదులు మిరియం కొట్టి, తడిచీరతో పొయ్యి ముందు నాలుగు గంటలు నిలబడాలి. కూరలు, పచ్చళ్లు, గారెలు, అప్పాలు, పరమాన్నం, దేన్నీ రుచి చూడకూడదు. వంటమనిషిని పెడదామంటే, కోడలి చేతి వంటైతేనే నాన్నగారికి తృప్తి అంటాడు శశిభూషణ్. బతికున్నన్నాళ్లూ ఆ పెద్దాయన ఫణిశ్రీ వండిందాంట్లో ఉప్పు సరిపోయిందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. పోయాకే ఈ తృప్తంతా. ఆ మర్నాడు ఆవిడ వాచిన కాళ్లతో స్కూలుకెళ్లి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పాలి.

నెలసరిని వెనక్కి నెట్టే ఈ మాత్రలు కాపరానికొచ్చిన ఏడాదే మొదలయ్యాయి. తద్దినాలకి, అన్నవరం వ్రతానికి, ఆడపడుచు గృహప్రవేశానికి, అలా పందొమ్మిదేళ్లు. మందుల షాపువాడు చీటీ అడగడం ఎప్పుడో మానేశాడు. పోయిన నెల మాత్రలాపాక తొమ్మిది రోజులు ఆగకుండా రక్తం పోయింది. డాక్టర్ ప్రిస్కిల్లా గారు స్కానింగ్ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, ఇక ఈ మాత్రలు ముట్టుకోవద్దని కాస్త కోపంగానే చెప్పారు. ఆ మాట ఇంట్లో చెబితే, “ఆవిడకి మన ఆచారాలేం తెలుస్తాయి, వాళ్ల మతం వేరు,” అన్నాడు శశిభూషణ్. ఫణిశ్రీకి ఒళ్లు మండింది. గర్భసంచికి మతమేంటో అడగాలనుకుంది. అప్పుడు అడగలేదు. ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతూ మరో సంగతి ఆలోచిస్తోంది. తిథులు నడిచేది చంద్రుడి లెక్క మీద. తన ఒళ్లు నడిచేదీ ఇంచుమించు ఆ లెక్కే. అందుకే నెల తిరిగేసరికి తిథీ తనూ మళ్లీ ఒకే వారంలో ఎదురుపడ్డారు. ఆ లెక్క పంచాంగంలో ఉంటే పవిత్రం, ఆడదాని ఒంట్లో ఉంటే మైల.

తన సంగతి సరే. పోయిన నెల మైత్రేయికి తద్దినం నాడే వచ్చింది. రెండు గదుల ఫ్లాట్‌లో పిల్లని దూరంగా కూర్చోబెట్టే చోటేది? అయిదింటికే నిద్రలేపి, దిండూ దుప్పటీ చేతికిచ్చి ఎదురు ఫ్లాట్‌కి పంపేశారు. ఎందుకొచ్చిందో ఆ ఇంటి మగపిల్లలతో సహా అందరికీ తెలిసిపోయింది. సాయంత్రం తిరిగొచ్చాక పిల్ల తల్లితో మాట్లాడలేదు. పంపించింది నాన్నా నాయనమ్మా అయినా, తలుపు తీసి పట్టుకున్నది అమ్మ. ఆ చూపు ఫణిశ్రీకి ఇంకా మింగుడు పడలేదు.

ఆవిడ షీట్లు రెండూ తీసుకెళ్లి మొగుడి ముందు పెట్టింది.

“నేను వేసుకోనండీ. పాపకి అసలే వెయ్యను.”

“చూద్దాంలే,” అన్నాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. ఆ ఇంట్లో ఫణిశ్రీ కాదన్నవన్నీ చివరికి చేసిపెట్టినవే కాబట్టి, ఆయన బెంగ పెట్టుకోలేదు.

మైత్రేయికి ఆ వారం ఏమీ రాలేదు. ఫణిశ్రీకి తద్దినం నాటి పొద్దున్నే, పప్పు నానబోసే ముందు తలస్నానానికి వెళ్లినప్పుడు వచ్చింది. స్నానం ముగించి మామూలు చీర కట్టుకుని, అత్తగారి గదిలోకెళ్లి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. మాణిక్యాంబగారికి డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లకి ఆపరేషన్ అయ్యాక పొయ్యి దగ్గర పావుగంట కూడా నిలబడలేదు. బయట చేరిన మూడు రోజులూ కోడలు తాకిన స్విచ్చి మీద కూడా నీళ్లు చిలకరించే మనిషి. అలాంటిది, ఆ మాట వినగానే కేకలేస్తుందనుకుంటే, లేచొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

“గొంతు తగ్గించవే. మరో చెంబు నెత్తిన పోసుకుని మడి కట్టుకో. ఎవరికీ చెప్పకు. మా మావగారి తద్దినం నాడు నేనూ అంతే చేశాను. ఇరవై రెండేళ్లు నాకప్పుడు. వండాను, అందరూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.”

ఏమీ కాదని ఈవిడకి యాభై రెండేళ్లుగా తెలుసు. తెలిసీ తనని బాల్కనీలో చాప మీద పడుకోబెట్టింది. తెలిసీ మనవరాల్ని దిండుతో సహా గుమ్మం దాటించింది. వెనకాలే వచ్చిన శశిభూషణ్‌కీ సంగతి అర్థమైంది. భోజనానికి భోక్తలు పొద్దున్నే వచ్చేశారు, ఇప్పుడు వంటకి మనిషి ఎక్కడ దొరుకుతుంది, అమ్మే చెప్పింది కదా కానిచ్చెయ్యి, అని గుసగుసలాడాడు. వాళ్లకి మనిషి అక్కర్లేని రోజున మైల. వంటకి చెయ్యి కావలసిన రోజున అది ఒక్క చెంబు నీళ్లతో పోతుంది. కోపం కంటే ముందు ఫణిశ్రీకి ఏడుపొచ్చింది, ఇన్నేళ్లూ మింగినవన్నీ గుర్తొచ్చి.

“దాచేస్తే పోయే మైల నా ఒంట్లో ఉన్నది కాదు అత్తయ్యగారూ. మీరు నోటితో ఉందంటే ఉంది, లేదంటే లేదు. లేదని అందరి ముందూ అనండి, ఇప్పుడే వెళ్లి వండుతాను. దాచి మాత్రం వండను.”

మాణిక్యాంబగారు కొడుకు వంక చూసింది. కొడుకు గోడ వంక చూశాడు. పక్క గది తలుపు దగ్గర మైత్రేయి నిద్రమొహంతో నిలబడి అంతా వింటోంది.

ఫణిశ్రీ తిన్నగా హాల్లోకి నడిచింది. మార్కండేయులుగారు పీటలు వేయిస్తున్నారు. భోక్తలిద్దరూ ఫ్యాన్ కింద కూర్చున్నారు. ఆవిడ చేతులు జోడించి చెప్పింది. ఈ పొద్దున తను బయట చేరిందని, ఇంట్లో అందరికీ తెలుసని, మీకు చెప్పకుండా వండమన్నారని. మీరు ఫరవాలేదంటే పొయ్యి వెలిగిస్తాను, వద్దంటే కొడుకుగారు వండుతారు అంది.

పెద్ద భోక్తగారు తువ్వాలు భుజాన సర్దుకున్నారు. శశిభూషణ్ తల వంచుకున్నాడు. మార్కండేయులుగారు దర్భలు సవరిస్తూ విసుగ్గా అన్నారు.

“తద్దినం పెట్టే కర్త స్వయంగా వండుకోవచ్చునమ్మా, శాస్త్రం ఒప్పుకుంటుంది. మడి కట్టుకోమనండి. కానీ నువ్వు చెప్పకుండా ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా. తెలియక తిన్నవాడికి దోషం అంటదు.”

ఫణిశ్రీ వెనక్కి తిరిగి, తలుపు దగ్గరున్న కూతుర్ని రమ్మని చెయ్యి చాపింది. పిల్ల వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“మీకు దోషం అంటకూడదని నేను పందొమ్మిదేళ్లు మాత్రలు మింగానండీ,” అంది ఫణిశ్రీ. “నా కూతురు మింగదు.”